నొప్పెట్టని పన్ను

కూతురి దినకర్మలు ముగిసిన మూడో రోజు, సోమవారం నాడు, వాగ్దేవి మేడమ్ స్కూలుకి వచ్చింది.

స్టాఫ్‌రూములో మాటలు తెగిపోయాయి. ఒకరు కుర్చీ జరిపారు, ఇంకొకరు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి పెట్టారు. ఏం మాట్లాడితే ఆమెకి ఎక్కడ తగులుతుందోనని, తలా ఒక నోటుపుస్తకాల కట్ట ముందేసుకుని దిద్దడం మొదలుపెట్టారు. ఆమెకీ అదే హాయిగా ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఆ హైస్కూల్లో సైన్సు చెబుతోంది. ఓదార్పు మాటలు వింటూ కూర్చోవడం కంటే మూడో పీరియడు పాఠం చెప్పుకోవడం తేలిక.

ఆమె బల్ల మీద విశాఖపట్నం ల్యాబు నుంచి వచ్చిన పొడుగాటి కవరొకటి ఉంది. విప్పితే లోపల మందపాటి రంగు కాగితం. 'తెల్లని నవ్వు' పథకంలో ఒక్క వారం కూడా తప్పకుండా నివేదికలు పంపిన పాఠశాలకు అభినందనలు అని పైన బంగారు అక్షరాలు. కింద పట్టిక. పిల్లలు నలభై ఒక్కమంది. వారాలు పందొమ్మిది. నొప్పి ఉందని చెప్పినవారు సున్నా.

పట్టికలో పదిహేడో వరస పీలా హిమజ, ఎనిమిదో తరగతి. పక్కన పందొమ్మిది గళ్ళు. పందొమ్మిదింటిలోనూ 'లేదు' అని ఉంది. ఆఖరి 'లేదు' కింద ఉన్న తేదీ, ఆ పిల్ల చనిపోవడానికి అయిదు రోజుల ముందుది.

కవరులో ఇంకో చిన్న ఉత్తరం ఉంది. వచ్చే శుక్రవారం విశాఖలో సభ. అరవై స్కూళ్ళలో నెగ్గిన ఈ పథకాన్ని ఆ రోజు రాష్ట్రమంతటికీ విస్తరిస్తున్నారు. వాగ్దేవి మేడమ్ వేదిక మీద రెండు మాటలు మాట్లాడాలి. కింద సంతకం, శరగడం ఆదినారాయణ.

ఆమె ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది. చుట్టూ ఎవరూ తలెత్తలేదు.

*

ఆదినారాయణ ఆమె విద్యార్థే.

అనకాపల్లి దాటాక వచ్చే ఆ ఊళ్ళో ఏడాదిలో సగం రోజులు గాలి కూడా తియ్యగా ఉంటుంది. చెరకు గానుగలు, పాకం పెనాలు, ఎడ్లబళ్ళ స్థానంలో వచ్చిన వ్యాన్ల నిండా బెల్లం దిమ్మలు. నడక వచ్చిన పిల్ల చేతిలో పాకం గట్టిపడిన ముక్క ఉంటుంది. పదేళ్ళు నిండేసరికి నోట్లో రెండు మూడు పళ్ళు పుచ్చిపోయి ఉంటాయి. ఆదినారాయణ వాళ్ళ నాన్న పాకం కాచేవాడు. పదో తరగతి లెక్కల పరీక్ష నాడు పిల్లాడు దవడ పట్టుకుని ఏడుస్తూ హాల్లోంచి బయటికి వచ్చేశాడు. వాగ్దేవి అతన్ని చేయి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆ పన్ను పీకించింది. మర్నాడు నోట్లో దూది పెట్టుకుని సైన్సు పరీక్ష రాశాడు. నూటికి తొంభై ఎనిమిది.

పద్దెనిమిదేళ్ళ తరవాత, మొన్న జూలైలో, అదే ఆదినారాయణ ల్యాబు కారులో స్కూలు ముందు దిగి, పిల్లలందరూ చూస్తుండగా ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

క్లాసులో బల్ల మీద గ్లాసు పెట్టాడు. అందులో నీళ్ళు, నీళ్ళలో ఎవరిదో పీకేసిన పన్ను. పన్నులో నల్లటి గొయ్యి. చిన్న ట్యూబులోంచి పాలమీగడ లాంటి ముద్ద ఆవగింజంత తీసి ఆ గొయ్యిలో అద్దాడు.

"రేపు పొద్దున్న చూడండి," అన్నాడు.

మర్నాడు పొద్దున్న గొయ్యి లేదు. ఎక్కడ అతికిందో గీత కూడా లేదు. పిల్లలు గ్లాసు చుట్టూ మూగి ఒకరినొకరు తోసుకున్నారు.

"ఇది సిమెంటు కాదు మేడమ్. బతికున్న పదార్థం. ఉమ్మిలో ఉన్న సున్నం తిని పన్నుగా పెరుగుతుంది. దీనికి ముత్యం అని పేరు పెట్టాం. పెరుగుతూ పెరుగుతూ వేరు దాకా వెళ్ళి, అక్కడున్న నరాన్ని నిద్రపుచ్చుతుంది. ఇంక ఆ పన్ను జన్మలో నొప్పెట్టదు."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు అతను తన దవడ మీద చెయ్యి వేసుకున్నాడు. పరీక్ష హాల్లోంచి ఏడుస్తూ బయటికొచ్చిన పిల్లాడు ఆమెకి కళ్ళముందు కనిపించాడు.

పుచ్చు పళ్ళున్న పిల్లలకే కాదు, ఇదివరకే పళ్ళకి వెండి పెట్టించుకున్న వాళ్ళకి కూడా అది తీసేసి ముత్యం పెడతామన్నాడు. వెండి అంటే ఊళ్ళో అందరూ అనే మాటే గానీ అందులో సగం పాదరసం. కొన్నాళ్ళకి నల్లబడుతుంది. పాదరసం తగిలితే ముత్యం చచ్చిపోతుంది కాబట్టి పాతది పొడి కూడా మిగలకుండా తవ్వెయ్యాలి.

ప్రభుత్వాసుపత్రి పళ్ళ డాక్టరు ముకుందం గారికి ఇది రుచించలేదు. ఊళ్ళో సగం నోళ్ళలో ఉన్న వెండి ఆయన పెట్టిందే. "పుచ్చినదానికి పెట్టుకోండమ్మా, కాదనను. బాగున్నదాన్ని తవ్వడం దేనికి? నల్లగా ఉంటే ఉంది. పదేళ్ళు కదలకుండా కూర్చుంటుంది," అన్నాడాయన.

హిమజకి కింది వరసలో పక్క పన్నుకి వెండి ఉంది. నవ్వితే కనిపించేది. అందుకని ఆ పిల్ల నవ్వొచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకునేది. "డాక్టరు తాతగారు నా నోట్లో బొగ్గు పెట్టారు," అని ఇంట్లో వాపోయేది. జూలై పదిహేనున ముత్యం పెట్టించుకొచ్చిన సాయంత్రం తలుపుకున్న అద్దం ముందు నిలబడి, ఏ జోకూ లేకుండానే పావుగంట నవ్వింది. వాళ్ళ నాన్న సన్యాసిరావు బెల్లం మార్కెట్టు నుంచి వచ్చి, "ఏటే, పిచ్చిగానీ పట్టిందా?" అంటే, ఇంకా నవ్వింది.

ముత్యం పెట్టడానికి ఒప్పుకుంటూ తల్లిగా సంతకం పెట్టింది వాగ్దేవే. ముకుందం గారి మాట విని కూడా పెట్టింది.

*

ప్రతి సోమవారం ల్యాబుకి ఒక ఫారం పంపాలి. అందులో ఒకటే ప్రశ్న. ముత్యం పెట్టిన పన్ను నొప్పిగా ఉందా? ఉంది, లేదు.

నలభై ఒక్కమందిని విడివిడిగా పిలిచి అడగాలంటే ఒక పీరియడు పోతుంది. వాగ్దేవి దానికో ఉపాయం కనిపెట్టింది. ఆ పిల్లలందరినీ సోమవారం పొద్దున్న ఒకే గదిలో కూర్చోబెట్టి హాజరు పిలిచేది. పేరు పిలవగానే 'ప్రెజెంట్ మేడమ్' అనే బదులు, నొప్పి లేకపోతే 'లేదు మేడమ్' అనాలి. ఒక్క మాటతో హాజరూ పడుతుంది, ఫారమూ నిండుతుంది. నాలుగు నిమిషాల పని.

ఆదినారాయణ ఇది విని తెగ మెచ్చుకున్నాడు. 'వాగ్దేవి మేడమ్ పద్ధతి' అని పేరు పెట్టి మిగతా యాభై తొమ్మిది స్కూళ్ళకీ రాశాడు. ఆమెకి లోలోపల గర్వంగానే ఉంది.

ఆఖరి సోమవారం కూడా పదిహేడో పేరు పిలిస్తే, కిటికీ పక్క నుంచి హిమజ "లేదు మేడమ్" అంది. ఇంట్లో అమ్మ అయినా బళ్ళో మేడమ్ అనే పిలిచేది.

మంగళవారం జ్వరం. ఊరంతా జ్వరాలున్నాయి కాబట్టి అదే అనుకున్నారు. గురువారం మెడ కింద వాచింది. సన్యాసిరావు మార్కెట్టు వ్యానులోనే విశాఖ తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టర్లు గొంతు చూశారు, రక్తం తీశారు. ఒక కుర్ర డాక్టరు సరైన ప్రశ్నే అడిగాడు. "పన్ను నొప్పి ఏమైనా ఉండేదా అండీ?"

"లేదండి," అంది వాగ్దేవి. "ప్రతి వారం రాసి పెడుతున్నాం కూడా."

ఆయన పళ్ళ సంగతి వదిలేసి వేరే దారిన వెళ్ళాడు. ఒకటిన్నర రోజు అలా పోయింది. శనివారం మధ్యాహ్నం ఊపిరి అందలేదు. తరవాత తెలిసింది, పంటి వేరు కింద చీము పట్టి, దవడ ఎముక తినేసి, మెడలోకి దిగిపోయిందని. అన్ని వారాలుగా అది లోపల పెరుగుతోంది. చెప్పాల్సిన నరం నిద్రలో ఉంది.

*

అభినందనల కాగితం అందిన సోమవారం సాయంత్రమే వాగ్దేవి ముకుందం గారి గదికి వెళ్ళింది. ఆయన ఆ పట్టిక చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నేను చెప్పాను గదా అని అనను. మీకూ అది వినే ఓపిక ఉండదు," అన్నాడు.

"మిగతా నలభై మంది సంగతి చెప్పండి డాక్టరు గారూ."

"ఏం చెప్పను? మామూలుగా అయితే పళ్ళు చూసే అద్దం కాడతో పన్ను మీద కొడతాను. చన్నీళ్ళు పోస్తాను. పిల్ల కెవ్వుమంటే ఎక్కడుందో తెలుస్తుంది. ఈ పళ్ళ మీద సుత్తితో కొట్టినా పిల్ల నా మొహం చూసి నవ్వుతుంది. ఎక్స్‌రే ఒకటే దారి."

"మీ దగ్గర మిషనుంది కదా?"

"మిషనుంది. పిల్లల్ని తీసుకురాగలరా?"

హెడ్మాస్టరు ఒప్పుకోలేదు. పై నుంచి ఉత్తర్వు లేకుండా పిల్లల్ని కదపకూడదన్నాడు. శుక్రవారం సభ ముందు ఈ గొడవేమిటన్నాడు. చివరికి గొంతు తగ్గించి, "మీరు బాధలో ఉన్నారు మేడమ్. ఇంకో పదిరోజులు సెలవు పెట్టండి," అన్నాడు.

ఆమెకి ఆ రోజుల్లో అర్థమైన సంగతి అది. బాధలో ఉన్న మనిషి చెప్పింది ఎవరూ వినరు. బాధ లేదని రాసింది మాత్రం బంగారు అక్షరాలతో అచ్చు వేయిస్తారు.

ఇంటికొచ్చి భర్తతో చెప్పింది. సన్యాసిరావు అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. కూతురు పోయాక అతను బ్రష్షు ముట్టుకోలేదు. బ్రష్షులు పెట్టే స్టాండులో ఆ పిల్ల బ్రష్షు ఇంకా అతని బ్రష్షు పక్కనే ఉంది.

"పోయిన పిల్లని తెస్తావేటి?" అన్నాడు.

"లేదు. ఉన్నవాళ్ళని పోకుండా చూద్దామని."

అతను పుల్ల ఊసేసి లేచాడు. "ఎంతమందన్నావు?"

"నలభై."

"రెండు ట్రిప్పులు పడతాది. రేపు బెల్లం లోడు లేదులే."

మంగళవారం, బుధవారం ఇల్లిల్లూ తిరిగి, తల్లిదండ్రులకి చెప్పి, బెల్లం వ్యానులో పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వ్యాను చెక్కలకి అంటిన బెల్లాన్ని పిల్లలు గోళ్ళతో గీకి తింటుంటే వాగ్దేవి చూసి, ఏమీ అనలేక తల తిప్పుకుంది.

ఏడో తరగతి ఝాన్సీకి నోరెక్కువ. ఎక్స్‌రే బిళ్ళ నోట్లో పెట్టబోతే, "నాకు నొప్పే లేదు కదా మేడమ్, మరెందుకు ఫొటో?" అంది.

"నొప్పి లేదు కాబట్టే."

"అంటే నొప్పుంటే తియ్యరా?"

"మాట్లాడకుండా నోరు తెరవ్వే," అన్నాడు ముకుందం గారు. "నీ ఒక్కదానితో నాకు తెల్లారేలా ఉంది."

నలభై ఫిలిములు కిటికీ అద్దానికి వరసగా అతికించి చూశారు. ముప్ఫై ఒకటి శుభ్రంగా ఉన్నాయి. తొమ్మిదింటిలో వేరు చివర, కందిగింజంత దగ్గర్నుంచి చింతగింజంత వరకు నల్లటి నీడ. చింతగింజ ఝాన్సీది. కింద దవడ పన్ను.

"ఎనిమిదింటికి వేరు దాకా తవ్వి, కడిగి, వెండి పెట్టొచ్చు. పాదరసం ఉన్నచోట ఆ ముత్యం మళ్ళీ మొలవదు. ఈ పిల్లది మాత్రం పీకెయ్యాలి. ఈ రోజే," అన్నాడాయన.

ఝాన్సీ వాళ్ళమ్మ నూకరత్నం ఒప్పుకోలేదు. చెరకు కొట్టే పనిలోంచి అలాగే వచ్చింది, చేతులకింకా గుడ్డలు చుట్టుకునే ఉంది. "ముత్తెంలాటి పన్ను పీకేత్తానంటారేటండీ? నొప్పని పిల్ల ఒక్క రోజు మూలిగిందా? మీ పాప పోనాదని మా పాప పన్ను పీకితే ఏటొత్తాది మేడమ్?"

నూకరత్నం తను అన్నదేమిటో అర్థమై కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

వాగ్దేవి ఫిలిము తీసి ఆమె చేతిలో పెట్టింది. "ఇటు వెలుగులోకి పట్టి చూడమ్మా. ఆ నల్లటిది చీము. మా హిమజకి ఇలాగే ఉండుంటుంది. నేను చూడలేదు. నువ్వు చూస్తున్నావు."

నూకరత్నం చూసింది. ఫిలిముని అటూ ఇటూ తిప్పి, మళ్ళీ చూసింది. ఆ తరవాత కూతురి పక్కన కూర్చుని దాని తల తన ఒళ్ళో పెట్టుకుంది. పన్ను వచ్చింది. దాని వెనకే అర గరిటెడు చీము వచ్చింది. పీకుతున్నంతసేపూ ఝాన్సీ కళ్ళు తెరుచుకుని కప్పు మీది ఫ్యాను వంక చూస్తూనే ఉంది. మత్తుమందు ఇవ్వాల్సిన అవసరమే రాలేదు.

"ఆ నల్లదే ఉంచుంటే పన్నయినా మిగిలేది కదా మేడమ్," అంది చివర్న, దూది మధ్య నుంచి. దానికి కూడా ఇదివరకు వెండి ఉండేది.

*

గురువారం పొద్దున్న వాగ్దేవి మొదటి బస్సెక్కి విశాఖ వెళ్ళింది. ల్యాబు సముద్రానికి ఎదురుగా కొండ మీద ఉంది. మెట్ల మీద పూలకుండీలు దించుతున్నారు. హాలు నిండా రేపు జిల్లాలకి పంపాల్సిన అట్టపెట్టెలు, ఒక్కో దాని మీద తెల్లగా నవ్వుతున్న ఎవరో పిల్ల.

ఆదినారాయణ ఎదురొచ్చి వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. లేచేసరికి కళ్ళలో నీళ్ళున్నాయి. అవి నిజమైనవేనని ఆమెకి తెలుసు. హిమజ పుట్టినప్పుడు డిగ్రీ చదువుతున్న రోజుల్లో వచ్చి, ఉయ్యాలకి గిలక కట్టి వెళ్ళినవాడు.

"రాలేకపోయాను మేడమ్. మొహం చెల్లలేదు," అన్నాడు.

ఆమె కుర్చీలో కూర్చుని తొమ్మిది ఫిలిములు బల్ల మీద పరిచింది. పక్క బల్ల దగ్గర ఫర్హానా అనే అమ్మాయి కంప్యూటరు ముందు ఉంది. అరవై స్కూళ్ళ ఫారాలూ ఎక్కించేది ఆమే.

ఆదినారాయణ ఒక్కో ఫిలిము ఎత్తి చూశాడు. చూస్తూ చూస్తూ అతని గొంతు మారింది, సభల్లో మాట్లాడే గొంతయింది. "ఇవి చీము నీడలని చెప్పలేం మేడమ్. ముత్యం లేతగా ఉన్నప్పుడు ఎక్స్‌రేలో ఇలాగే నల్లగా కనిపిస్తుంది. ఎదుగుదల దశ అది."

"ఝాన్సీ పన్ను నిన్న పీకాం. ఎదుగుదల దశ అర గరిటెడు వచ్చింది."

అతను ఫిలిము కింద పెట్టాడు.

"రెండు వేల మూడువందల మంది పిల్లలు మేడమ్. ఒక్కళ్ళు కూడా నొప్పని అనలేదు. మా నాన్న పాకం పొయ్యి దగ్గర నేను ఎన్ని రాత్రులు ఏడ్చానో మీకు తెలుసు. ఈ పిల్లలు ఏడవట్లేదు. ముందు నా నోట్లో పెట్టుకుని చూశాకే వాళ్ళకి పెట్టాను. ఎడమవైపు కింద, రెండో దవడ పన్ను. రెండేళ్ళు దాటింది. ఒక్క రోజు సలపలేదు."

"ఏదీ, చూపించు."

"ఏమిటి మేడమ్?"

"ఆ పన్ను. ఇటు కిటికీ దగ్గరికి రా."

అతను ఫోను చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేశాడు. "ఇప్పుడెందుకు మేడమ్. రేపటి సభ పనులు..."

"నోరు తెరువు, ఆదీ."

ఆమె గొంతు పెంచలేదు. ముప్ఫై మూడేళ్ళ మనిషి, చేతికింద అరవై మంది పనిచేసే మనిషి, బెంచీ ఎక్కమంటే ఎక్కిన కుర్రాడిలా కిటికీ దగ్గరికి వచ్చి నోరు తెరిచాడు. సముద్రం మీది వెలుగు లోపలికి పడింది. ఎడమవైపు కింద, రెండో దవడ పన్ను నడుమ, కొత్త వెండి తళతళలాడుతోంది. ఇంకా నల్లబడలేదు కూడా.

ఫర్హానా కీబోర్డు మీద చేతులు ఆగిపోయాయి.

వాగ్దేవి తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. "నొప్పి పుట్టిందా?" అని అడిగింది.

"లేదు మేడమ్."

"మరెలా తెలిసింది?"

"కొత్త ఎక్స్‌రే మిషనొచ్చింది. సరిగ్గా పనిచేస్తోందో లేదోనని నా దవడే పెట్టి చూశాను. వేరు కింద నీడ ఉంది." అతను నేలచూపులు చూస్తూ చెబుతున్నాడు. "నా పన్ను ముందే బాగా పుచ్చి ఉంది, అందుకే అయ్యుంటుందనుకున్నాను. ఒక్క కేసు మేడమ్. ఒక్క కేసుని పట్టుకుని ఎనిమిదేళ్ళ పని ఆపేస్తారా ఎవరైనా?"

"నిన్ను ఆపమనలేదు. నొప్పి ఉందా అని అడిగితే తెలియదని నీకు తెలిసింది. తెలిసి, పిల్లల్ని అదే అడిగావు."

"ఫారాలు అప్పటికే అచ్చయిపోయాయి మేడమ్."

ఆ మాట అన్నాక అతనికే వినబడినట్టుంది.

"వెండి ఎప్పుడు పెట్టించుకున్నావు?"

ఆమె పర్సులోంచి అభినందనల కాగితం తీసి, వెనక్కి తిప్పి, పెన్నుతో సహా అతని ముందు పెట్టింది. "తారీఖు రాయి."

రాశాడు. జూలై నాలుగు.

హిమజ అద్దం ముందు నిలబడి నవ్వింది పదిహేనో తారీఖున. ఆమె లెక్క వేయకుండానే లెక్క తేలిపోయింది. పదకొండు రోజులు. అతను తన నోట్లోంచి తవ్వి తీయించుకున్నదాన్ని పదకొండు రోజులు తిరిగేసరికి కారులో తెచ్చి, ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టి, ఆమె పిల్ల నోట్లో పెట్టాడు. బాగున్న వెండిని పొడి కూడా మిగలకుండా తవ్వి మరీ పెట్టాడు. ఆ రోజు అతని నోట్లో వెండి ఉంది. వెండి పెట్టుకున్న నోటితోనే, జన్మలో నొప్పెట్టదన్నాడు.

అరవాలని ఆమెకి అనిపించింది. ఆ అట్టపెట్టెలన్నీ మెట్ల మీంచి దొర్లించాలనిపించింది. హాజరు పట్టీ పట్టుకుని నాలుగు నిమిషాల్లో పని తెముల్చుకున్న తన చేతిని కూడా ఎక్కడైనా విసిరి కొట్టాలనిపించింది. ఆమె చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు చెడ్డవాడివైతే నాకు తేలికయ్యేది," అంది. "మంచి పని చేస్తున్నానన్న నమ్మకంతో చేశావు. నేనూ అంతే. నీ ఫారం తప్పు, దాన్ని నాలుగు నిమిషాల్లో నింపడం నా తప్పు. నా తప్పు నేను ఎక్కడైనా చెబుతాను. నీది నువ్వు చెప్పాలి."

"రేపు సభ అయ్యాక చెబుతాను మేడమ్. నెమ్మదిగా, కమిటీ వేసి. ఇప్పుడు చెబితే అంతా పోతుంది. ముత్యం మంచిదే మేడమ్, నరాన్ని నిద్రపుచ్చే గుణం ఒక్కటి తీసేస్తే చాలు, రెండేళ్ళలో..."

"ఈ రెండేళ్ళూ ఆ పిల్లలు ఏం చెయ్యాలి? మా నలభై మందిలో తొమ్మిదిమందికి ఉంది. నీ రెండు వేల మూడువందల్లో ఎంతమందో లెక్క నువ్వే కట్టు. నీకు లెక్కలు నేను చెప్పలేదు గానీ ఆ మాత్రం వస్తుంది."

అతను లెక్క కట్టాడు. అది మొహంలో కనిపించింది.

అప్పుడు ఫర్హానా లేచింది. ప్రింటరులోంచి వచ్చిన కాగితాలు రెండు చేతులా పట్టుకుని వాగ్దేవి దగ్గరికి వచ్చింది. "అరవై స్కూళ్ళ ఫోన్ నంబర్లు మేడమ్. మా తమ్ముడు కూడా ఉన్నాడు ఇందులో. భీమిలి స్కూలు," అంది. ఆమె ఆదినారాయణ వంక చూడలేదు.

వాగ్దేవి ఆ కాగితాలు తీసుకుని ఆదినారాయణ ముందు పెట్టి, బల్ల మీదున్న ఫోను అతని వైపు జరిపింది.

"నేను చెబితే, కూతురు పోయి మతి చెదిరిందంటారు. మా హెడ్మాస్టరు అప్పుడే అన్నాడు. నువ్వు చెయ్యి."

"ఏమని చెప్పను మేడమ్?"

"జరిగింది జరిగినట్టు. ఎక్స్‌రే తీయించమని చెప్పు. నొప్పి లేదంటే నమ్మొద్దని చెప్పు. నీ నోట్లో ఏముందో చెప్పు."

అతను ఫోను దగ్గరికి లాక్కున్నాడు. కింద మెట్ల మీద ఎవరో పూలకుండీ ఇటు జరపాలా అటు జరపాలా అని వాదించుకుంటున్నారు. చివరికి మొదటి నంబరు నొక్కాడు. అవతల ఎవరో హెడ్మాస్టరు ఎత్తాడు. పెద్ద గొంతు, గదిలో అందరికీ వినబడుతోంది. ఆహా, డాక్టరు గారే స్వయంగా ఫోన్ చేశారా, మా పిల్లలందరూ బ్రహ్మాండంగా ఉన్నారండీ, రేపు ముప్ఫై మందిని బస్సులో తెస్తున్నామండీ అంటున్నాడు.

"సార్, అది కాదు... ముత్యంలో చిన్న..." అని ఆగాడు ఆదినారాయణ. "కొన్ని సందర్భాల్లో కొంత..."

వాగ్దేవి లేచి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "మొదట్నించి చెప్పు," అంది.

అతను కళ్ళు మూసుకున్నాడు.

"సార్, నా పేరు ఆదినారాయణ. ముత్యం తయారుచేసింది నేనే. దానివల్ల లోపల చీము పడుతుంది, బయటికి నొప్పి తెలియదు. నా పన్నుకీ అలాగే అయింది. జూలైలో నేను తీయించేసుకున్నాను. మీకు చెప్పలేదు. ఒక పాప చనిపోయింది సార్. పేరు హిమజ. రేపు సభ లేదు. మీ పిల్లలందరికీ ఈ రోజే ఎక్స్‌రే తీయించండి."

అవతలి పెద్ద గొంతు ఆగిపోయింది. కాసేపటికి, చాలా చిన్నగా, ఎంతమంది సార్, ఎక్కడికి తీసుకెళ్ళాలి అని అడగడం వినిపించింది. ఆదినారాయణ చెప్పాడు. ఫోను పెట్టేశాక రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. పరీక్ష హాలు బయట కదిలినట్టే.

వాగ్దేవి ఆ భుజం మీద చెయ్యి వెయ్యలేదు. ఫోన్ నంబర్ల కాగితంలో మొదటి స్కూలు పేరు మీద పెన్నుతో గీత పెట్టింది.

"రెండో నంబరు చదువమ్మా," అంది ఫర్హానాతో.